కుడి ఎడమలు తెలియని టైలరమ్మ

టైలరమ్మ ఇరవై రెండేళ్లు బట్టలు కుట్టింది. తాను కుట్టిన చొక్కా ఒక్కటి కూడా వెనక్కి రాలేదని ఆమె చెబుతుంది. ఒకటి వచ్చిందని ఆమె భర్త అంటాడు. ఈ విషయం మీద వాళ్లిద్దరికీ పద్దెనిమిదేళ్లుగా తగువు నడుస్తోంది. చొక్కా సరిగ్గానే కుట్టాననీ, కొలతలిచ్చిన రోజుకీ తీసుకెళ్లిన రోజుకీ మధ్య ఆ మనిషే లావయ్యాడనీ ఆమె వాదన. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. కాకపోతే ఆమె పట్టిన కుందేళ్లకి చాలావరకు నిజంగానే మూడు కాళ్లుండేవి, ఎందుకంటే ఆమె కొలిచి మరీ చెప్పేది.

తర్వాత కుట్టిన బట్టలే కొనుక్కునే రోజులు వచ్చాయి. కొట్టు మూతపడింది. మిషను ఇంటి ముందు గదిలోకి వచ్చి, ముసుగు కప్పుకుని కూర్చుంది. సరిగ్గా అప్పుడే అత్తగారు మంచం పట్టింది. మూడేళ్లపాటు ఆవిడకి స్నానం చేయించడం, పక్క మార్చడం, తిట్లు తినడం టైలరమ్మ పనే. అత్తగారు పోయిన నాలుగు నెలలకి, తమను తాము చూసుకోలేని ఆడవాళ్లుండే ప్రభుత్వ హోములో ఆయా ఉద్యోగం ఉందని తెలిసి వెళ్లింది.

"ఈ పనిలో అనుభవం ఏమన్నా ఉందా?" అని అడిగింది సూపరింటెండెంట్ మేడమ్.

"మా అత్తగారండీ."

మేడమ్ ఇంకేమీ అడగలేదు. ఆవిడకీ అత్తగారు ఉండే ఉంటుంది.

ఆ హోము ఒకప్పుడు చెప్పుల గోడౌను. పైన ఆరు గదులు, కింద నాలుగు. పద్నాలుగు మంది ఆడవాళ్లు. కొందరికి మాట రాదు, కొందరికి మాట వచ్చినా ఎవరూ వినరు. టైలరమ్మ చేరిన ఏడేళ్లలో హోము పేరు రెండుసార్లు మారింది. ముందు శరణాలయం, తర్వాత సంరక్షణ కేంద్రం, ఆ తర్వాత సహాయక నివాసం. మారినప్పుడల్లా బోర్డు మీద కొత్త రంగు పడేది. లోపల కారుతున్న కుళాయి మాత్రం ఏ ప్రభుత్వానికీ లొంగలేదు.

అక్కడ ఒక పద్ధతి ఉంది. వారానికోసారీ, ఎవరన్నా బయటికి వెళ్లి వచ్చినప్పుడల్లానూ, స్నానం చేయించేటప్పుడు ఒంటి మీద దెబ్బలున్నాయేమో చూడాలి. ఉంటే ఒక ఫారం నింపాలి. ఆ ఫారంలో మనిషి బొమ్మ గీతలతో అచ్చువేసి ఉంటుంది. మొహం ఉండదు, వేళ్లు ఉండవు, ఆడో మగో తెలియదు. దెబ్బ ఎక్కడుంటే బొమ్మ మీద అక్కడ గుర్తు పెట్టాలి. మిగతా ఆయాలు ఒక ఇంటూ గుర్తు కొట్టి, పక్కన "చిన్న దెబ్బ" అని రాసి పోయేవారు. టైలరమ్మ అలా చేస్తే టైలరమ్మ ఎందుకవుతుంది? టేపు తీసి కొలిచేది.

మొదటి ఫారం చూసి సూపరింటెండెంట్ మేడమ్ పిలిపించింది. "ఇదేంటిది? 'భుజం కుట్టుకి నాలుగంగుళాలు కింద' అని రాశావు. మనిషి భుజానికి కుట్టు ఎక్కడుంటుంది?"

"ఉండాల్సిన చోటండీ."

మేడమ్ సంతకం పెట్టేసింది. ఆ రోజు నుంచి హోములో ఎవరికి దోమ కుట్టినా దాని పొడవూ వెడల్పూ ఫైల్లో ఉండేవి.

ఆ పద్నాలుగు మందిలో ఒకామెను అందరూ గువ్వ అనేవారు. ముప్పై నాలుగేళ్లు. మాట లేదు. సంతోషం కలిగినప్పుడు గొంతులోంచి గువ్వ కూసినట్టు చిన్న చప్పుడు వచ్చేది, అందుకే ఆ పేరు. మధ్యాహ్నాలు టైలరమ్మ కిటికీ దగ్గర కూర్చుని అందరి చినుగులూ కుడుతుంటే, గువ్వ పక్కన చేరి తెగిన దారప్పోగులు ఏరి ఉండ చుట్టేది. ఆ ఉండ టెంకాయంత అయింది. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. టైలరమ్మకి పిల్లలు లేరు. గువ్వను కూతురులా చూసుకుందని ఎవరన్నా అంటే ఆమెకి ఒళ్లు మండేది. "కూతురేంటి? నా పక్కన కూర్చునే మనిషి. అంతే," అనేది. అయినా గువ్వకి జ్వరం వస్తే సెలవు రోజున కూడా హోముకి వచ్చేది.

ఇలా ఉండగా పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పేరు "సొంత ఇల్లు, సొంత మనుషులు". హోముల్లో పడి ఉండటం మనుషులకి మంచిది కాదు, వాళ్లు తమ వాళ్లతో, తమ ఇళ్లల్లో బతకాలి అని అందులో ఉంది. మాట మంచిదే. టైలరమ్మ కూడా ఒప్పుకుంది. మొదట వెళ్లిన ముగ్గురిలో ఒకామె వాళ్ల చెల్లెలి ఇంట్లో హాయిగా ఉందని, ఒళ్లు కూడా చేసిందని తానే వెళ్లి చూసి వచ్చి చెప్పింది. గొడవల్లా ఏంటంటే, ఆ మంచి మాటకి ఒక గడువు పెట్టారు, ఒక సంఖ్య పెట్టారు. ఏడాది చివరికల్లా పద్నాలుగు మంది ఆరుగురు కావాలి. ఎనిమిది మందికి సొంత మనుషులు ఉన్నారా లేరా అన్నది ఉత్తర్వులో లేదు. ఉంటారనే నమ్మకం మాత్రం ఉంది, తీసుకెళ్లినవాళ్లకి నెలనెలా భత్యం కూడా ఉంది.

గువ్వకి ఒక అన్న ఉన్నాడని తేలింది. పదకొండేళ్లుగా లేని అన్న, ఉత్తర్వు వచ్చిన మూడో వారంలో ప్రత్యక్షమయ్యాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పళ్ల సంచీ, ప్రతి ఒక్కరినీ అమ్మా అని పిలుపు. చెల్లెలి కోసం ఒక గౌను తెచ్చాడు. టైలరమ్మ దాన్ని అలా పట్టుకుని చూసింది. పన్నెండేళ్ల పిల్లకి సరిపోయే గౌను.

"మా బంగారం ఎప్పుడూ సన్నమేనండీ," అన్నాడు అన్న.

టైలరమ్మ గౌను మడిచి బీరువాలో పెట్టింది. చెల్లెల్ని చివరిసారి ఎప్పుడు తేరిపార చూశాడో ఆమెకి కొలత దొరికింది.

రూలు ప్రకారం ఇంటికి శాశ్వతంగా పంపేముందు రెండు రోజుల చొప్పున రెండుసార్లు పంపి చూడాలి. మొదటిసారి వెళ్లి వచ్చాక గువ్వ గొంతులో చప్పుడు లేదు. స్నానానికి గౌను విప్పబోతే ఎడమ చెయ్యి ఒంటికి అదుముకుని రానివ్వలేదు. టైలరమ్మ పది నిమిషాలు ఓపిక పట్టి, మెల్లగా విప్పింది. జబ్బ మీద బయటివైపు వరసగా నాలుగు కమిలిన గుర్తులు. లోపలివైపు ఒకటి, కొంచెం లావుది. టేపు పెట్టి కొలిచింది. ఫారంలో రాసి, బొమ్మ మీద గుర్తులు పెట్టింది. అవి వేళ్లని తెలుసుకోడానికి టేపు అక్కర్లేదు.

సూపరింటెండెంట్ మేడమ్ ఫోన్ చేసింది. అన్న ఎంతో బాధపడ్డాడు. మెట్ల మీద జారిపోతుంటే తానే పట్టుకున్నాడట. "వదిలేస్తే పడిపోయేది కదమ్మా!" అన్నాడు.

రెండోసారి వెళ్లి వచ్చింది. మళ్లీ అవే నాలుగు, అదే జబ్బ. ఈసారి మణికట్టు మీద కూడా.

"మళ్లీ జారిందట," అంది మేడమ్, ఫోన్ పెట్టేస్తూ.

"వాళ్లింటికి ఎన్ని మెట్లండీ?"

మేడమ్ ఫైలు తిరగేసింది. ఇల్లు చూసి వచ్చిన హోము గుమాస్తా అన్నీ రాశాడు. గదులు మూడు. కిటికీలు నాలుగు. మెట్లు రెండు.

మేడమ్ చెడ్డ మనిషి కాదు. ఏడాది చివరికి ఆరు అనే అంకె తన నెత్తిన కూర్చుని ఉన్న మనిషి, అంతే. ఆవిడ డాక్టర్ని పిలిపించింది. డాక్టరు చూసి ఒక్క ముక్క రాశాడు: "ఎడమ జబ్బ మీద కమిలిన గుర్తులు. కారణం నిర్ధారించలేం." మేడమ్ ఆ కాగితాన్నీ, టైలరమ్మ ఫారాలనూ కలిపి, ఈమెను పంపడం గురించి మళ్లీ ఆలోచించాలని కమిటీకి రాసింది. గురువారం ఉదయం పదింటికి రమ్మన్నారు. కమిటీ పంపమంటే ఆ సాయంత్రమే గువ్వ అన్నతో వెళ్లిపోవాలి. ఆ తర్వాత ఆమె ఒంటిని చూసేవాళ్లూ, కొలిచేవాళ్లూ ఉండరు. కంచె చేను మేస్తుంటే చెప్పడానికి చేనుకి నోరుండదు.

కమిటీ గదిలో పొడుగాటి బల్ల, మూతలు పెట్టిన నీళ్ల గ్లాసులు, ఎగిరిపోకుండా కాగితాల మీద గాజు గోళాలు. కమిటీ పెద్ద రిటైరైన ఆఫీసరు. ఆయన పక్కన ఒక సభ్యురాలు, ఈ పక్కన రూళ్లన్నీ కంఠతా వచ్చిన కమిటీ గుమాస్తా. ఎదురుగా ఇస్త్రీ చొక్కాలో అన్న. గువ్వను తీసుకురాలేదు. అశక్తులైన వారిని విచారణల పేరుతో ఇబ్బంది పెట్టకూడదని రూలు. ఆమెను ఎక్కడికి పంపాలో నిర్ణయించే గదిలో ఆమె తప్ప అందరూ ఉన్నారు.

"ఆయన చెల్లెల్ని పట్టుకున్నానని ఆయనే చెబుతున్నారు. ఇందులో దాచిందేముంది?" అన్నాడు పెద్దాయన.

టైలరమ్మ లేచింది. "అవి వేళ్లు సార్. గట్టిగా నొక్కి పట్టుకుంటేనే అలా పడతాయి. కొలత రాశాను."

"పడిపోయే మనిషిని మెత్తగా పట్టుకుంటారా అమ్మా?"

"ఆ ఇంటికి రెండే మెట్లు సార్."

"మా ఇంటికి ఒకటే. పోయినేడు నేనే జారాను," అన్నాడు ఆయన, మోకాలు తడుముకుంటూ. అన్న అయ్యో అన్నట్టు మొహం పెట్టాడు.

"రెండుసార్లు జారిందట సార్, రెండుసార్లూ ఒకే చెయ్యి దొరికిందట. ఆ పిల్ల ఇప్పుడు గొంతు కూడా ఎత్తడం లేదు."

"మాట రాదని ఫైల్లోనే ఉంది కదా."

టైలరమ్మకి కోపంతో కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మాట వేరు, గొంతు వేరు అని ఈయనకి ఎలా చెప్పడం? కొలిచి చూపించడానికి అది అంగుళాల్లో లేదు. పెద్దాయన కలం మూత తీశాడు. గువ్వను తీసుకెళ్లాల్సిన వ్యాను అప్పటికే కింద సిద్ధంగా ఉంది.

అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడని సభ్యురాలు ఫారాలు తిప్పుతూ ఆగింది. "ఒక్క నిమిషమండీ. డాక్టరు ఎడమ జబ్బ అని రాశారు. ఈ ఫారాల్లో రెండుసార్లూ గుర్తులు కుడి చేతి మీద ఉన్నాయేంటి?"

కాగితాలు చేతులు మారాయి. నిజమే. బొమ్మ కింద 'ముందు వైపు' అని అచ్చువేసి ఉంది, అంటే మనిషి మన వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. మన వైపు తిరిగిన మనిషి ఎడమ చెయ్యి మనకి కుడి పక్కన ఉంటుంది. టైలరమ్మ గుర్తులన్నీ కాగితానికి ఎడమ పక్కన పెట్టింది.

"ఎడమా, కుడా?" అన్నాడు పెద్దాయన.

"ఎడమే సార్."

"నువ్వు గీసింది కుడి."

ఇరవై రెండేళ్ల పనిమంతురాలు. పది మంది ముందు నీకు చేతకాలేదంటే పడుతుందా? టైలరమ్మకి రోషం తన్నుకొచ్చింది. "నేను గీసింది ఎడమే సార్! ఇరవై రెండేళ్లు బట్టలు కుట్టాను. మేం గుడ్డ మీద సుద్ద పైవైపు గియ్యం. లోపలివైపు గీస్తాం. గుడ్డ బోర్లా పరిచి లోపలినుంచి చూస్తే ఎడమ చెయ్యి ఎడమ పక్కనే ఉంటుంది. కావాలంటే చూడండి," అని ఒక ఫారం లాక్కుని, రాత పక్క తన ఒంటికి తగిలేలా, చొక్కా కొలత చూసుకున్నట్టు గుండెలకి ఆనించుకుంది. "ఇదిగో. ఇప్పుడు తొడుక్కున్నాననుకోండి. గుర్తు ఎడమ చేతి మీదకి రాలేదా?"

పెద్దాయన కళ్లజోడు మీదుగా చూశాడు. "ఫారం తొడుక్కోడానికి కాదమ్మా."

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "సార్, ఆవిడ చెప్పింది ఒప్పుకుంటే మంచిదే. డాక్టరు కాగితం, ఈ ఫారాలు ఒకటే అయిపోతాయి. అన్నగారి వివరణ ఎలాగూ ఉంది. ఫైలు పూర్తయినట్టే, ఇవాళే సంతకం పెట్టేయొచ్చు."

"ఒప్పుకోకపోతే?"

"గాయం ఏ చేతికో తేలదు. అది తేలందే వివరణ ఏ గాయానికో తేలదు. అప్పుడు ఫైలు వెనక్కి పంపాలి సార్. గీసిన మనిషికే శిక్షణ ఇప్పించి, ఆ మనిషి చేతే సరిచేయించాలి. అది అయ్యేదాకా ఇంటికి పంపడం గానీ, పంపి చూడటం గానీ కుదరదు. రూలు."

టైలరమ్మ ఇంకా ఫారాన్ని గుండెలకి ఆనించుకునే ఉంది. అలాగే నిలబడి గుమాస్తా చెప్పిందంతా విన్నది. వేళ్లని చెప్పింది, మెట్లని చెప్పింది, గొంతు పోయిందని చెప్పింది. ఏదీ ఎక్కలేదు. ఇన్ని నిజాలు చెప్పినా కదలని కలం, ఒక్క పొరపాటు దగ్గర ఆగింది.

ఆమె ఫారాన్ని బల్ల మీద పెట్టింది.

"తప్పు నాదే సార్. నాకు కుడి ఎడమలు తెలీవు."

"ఇప్పుడేగా లోపలివైపు, పైవైపు అని అంత చెప్పావు?"

"తప్పు కప్పిపుచ్చుకోడానికి ఏదో వాగాను సార్. నాకు చిన్నప్పట్నుంచీ అంతే. చెప్పులు కూడా మా ఆయన చూపిస్తేనే వేసుకుంటాను."

"ఇరవై రెండేళ్లు బట్టలు కుట్టానన్నావు?"

"చొక్కాకి రెండు చేతులూ ఒకటే కదా సార్. ఏది ఎటు కుట్టినా ఎవరికీ తెలీదు."

ఇంతకంటే పెద్ద అబద్ధం టైలరమ్మ జన్మలో ఆడలేదు. చేతికి ముందు వంపు వేరు, వెనక వంపు వేరు. ఒక వైపుది ఇంకో వైపు పెడితే చంక పట్టేస్తుంది. పని నేర్చుకోడానికి వచ్చిన ఏ పిల్లకైనా మొదటి వారంలో చెవి మెలిపెట్టి ఆమె చెప్పే పాఠమే అది. చెప్పుకోడానికి తనకి ఉన్నది ఆ ఒక్క పనితనం. దాన్ని తన నోటితో తానే ఆ బల్ల మీద పారేసింది. ఆమెకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"అది కాదమ్మా..." గువ్వ అన్న మొదటిసారి కంగారుపడ్డాడు. "ఆవిడ ముందు చెప్పిందే నిజం సార్, ఎడమ చెయ్యే! నేను పట్టుకుంది ఎడమదే!"

"మీరు ఆగండి," అన్నాడు గుమాస్తా. "గీసింది మీరు కాదు."

పెద్దాయన సూపరింటెండెంట్ మేడమ్ వైపు తిరిగాడు. "ఈమె సంగతి మీకు తెలుసా?"

మేడమ్ టైలరమ్మ మొహంలోకి చూసింది. ఏడేళ్లుగా దోమకాటు కూడా కొలిచిన మనిషి. "తెలుసు సార్," అంది మేడమ్. "ఈమెకి ఆ ఇబ్బంది ఉంది. ముందే చెప్పాల్సింది."

పెద్దాయన కలానికి మూత పెట్టాడు. వ్యాను ఖాళీగా వెళ్లిపోయింది.

మర్నాడే మెమో వచ్చింది. టైలరమ్మ దాన్ని భర్తకి ఇచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని గట్టిగా చదివాడు: "కుడి ఎడమల భేదము తెలియకపోవుట వలన రికార్డులు తారుమారు చేసినందుకు హెచ్చరించడమైనది." చదివి కళ్లజోడు తీశాడు.

"అయితే ఏమే, ఆ రోజు వెనక్కి వచ్చిన చొక్కా..."

"వాడు లావయ్యాడండీ," అంది టైలరమ్మ. ఆ తర్వాత గువ్వ సంగతంతా చెప్పింది. ఆయన మెమో మడిచి, తన ఇన్సూరెన్స్ కాగితాలతో పాటు భద్రంగా దాచాడు.

చెల్లెల్ని పంపించమని గువ్వ అన్న రెండు ఉత్తరాలు పై ఆఫీసుకి రాశాడు. ఆ మనిషి చేతుల గురించి మేడమ్ కూడా రెండు ఉత్తరాలు రాసింది. నాలుగింటికీ "అందినది" అని జవాబు వచ్చింది. గువ్వ కిటికీ దగ్గర మళ్లీ దారప్పోగులు ఏరడం మొదలుపెట్టింది. గొంతు ఇంకా రాలేదు. అది ఏ ఉత్తర్వుతోనూ వచ్చేది కాదని టైలరమ్మకి తెలుసు, అందుకే తొందరపెట్టలేదు.

శిక్షణ ఆర్నెల్లకోసారి జరుగుతుంది. మూడు రోజులు. హాల్లో ఇంకో ముప్పై మంది, అందరూ కొత్తగా చేరిన ఆడపిల్లలు. టైలరమ్మ మొదటి వరసలో కూర్చుంది. పాఠం చెప్పే అమ్మాయికి పాతికేళ్లుంటాయి. మంచి పిల్ల, అన్నీ విడమరిచి చెప్పింది. చివరి రోజు పరీక్ష. మొదటి ప్రశ్న అందరికీ కలిపి.

"ఇది మరీ చిన్నపిల్లల ప్రశ్నే, ఏమనుకోకండి. అందరూ కుడి చెయ్యి ఎత్తండి."

ముప్పై కుడి చేతులు లేచాయి. టైలరమ్మ ఎడమ చెయ్యి ఎత్తింది.

వెనకెవరో కిసుక్కున నవ్వారు. పాఠం చెప్పే అమ్మాయి దగ్గరికొచ్చి, మిగతావాళ్లకి వినపడకుండా, "పెద్దమ్మా, ఇంకొక్కసారి ఆలోచించుకోండి. తొందరేం లేదు," అంది.

టైలరమ్మ తన రెండు చేతులూ ముందుకు చాపి చూసుకుంది. శ్రద్ధగా ఆలోచించింది. మళ్లీ ఎడమ చెయ్యే, ఈసారి ఇంకొంచెం పైకి ఎత్తింది.

"ఇలా అయితే మీరు పాస్ కారు పెద్దమ్మా. మళ్లీ ఆర్నెల్ల తర్వాత రావాలి. అప్పటిదాకా మీ ఫైలు కదలదు."

"రాసుకో తల్లీ."

నవ్వు హాలంతా పాకింది. మిగతావాళ్లందరూ చేతులు దించేశారు. టైలరమ్మకి భుజం లాగుతోంది, మొహం మండిపోతోంది. ఆ అమ్మాయి బల్ల దగ్గరికి వెళ్లి, రిజిస్టరు తెరిచి, పేరు వెతికి, తప్పు అని రాసి సంతకం పెట్టేదాకా ఆమె ఆ చెయ్యి దించలేదు.